డ్రైవరు సీటులోని గుంట

ఈ ఉదయం షాపు ముందు ఆగిన బండి వెనక తలుపు తెరవగానే ఆ వాసన వచ్చింది. ఎండకు కాగిన స్పాంజి, దానిలోకి ఏళ్ళ తరబడి ఇంకిన లుబాన్ పొగ, అడుగున ఎక్కడో రాలి ఎండిపోయిన ఖర్జూరం. లుబాన్ మన సాంబ్రాణి లాంటిదే. ఇక్కడ ఒమాన్‌లో అది వెయ్యని ఇల్లు ఉండదు. కానీ కారులో లుబాన్ వేసుకునే మనిషిని నేను ఒక్కరినే చూశాను. తల పైకెత్తకుండానే తెలిసిపోయింది, వచ్చింది ఉమ్ సయీద్ అనే ముసలావిడ బండి అని. చేతిలో కత్తెర బల్లమీద పెట్టేశాను. ఎనిమిదేళ్ళయింది ఆ బండి ఈ గుమ్మం దాటి. ఆ బండి వల్లనే ఒక పెద్దమనిషి ఈ దేశం విడిచి వెళ్ళాడు. ఆయన వెళ్ళింది బండి వల్ల కాదు, నా వల్ల. ఆ మాట ఇన్నేళ్ళలో ఒక్కరితో అనలేదు. ఇప్పుడు చెబుతున్నాను. నాకు రాయడం రాదు. ఆసుపత్రిలో నర్సుగా చేసే గ్రేస్ అనే అమలాపురం వైపు పిల్ల, నేను చెబుతుంటే రాసిపెడుతోంది. చక్కగా రాయమన్నాను గానీ, నన్ను మంచిదాన్ని చేసి మాత్రం రాయొద్దన్నాను.

ఆ పెద్దమనిషి పేరు ఖాదర్. మేమంతా మాస్టరు గారు అనేవాళ్ళం. రాయచోటి దగ్గర పల్లెటూరు ఆయనది. అల్ సువైక్‌లో కార్ల సీట్లు కుట్టే ఈ షాపులో ఇరవై ఏళ్ళకు పైగా చేశారు. నేను మొదట పక్క షాపులో ఆడవాళ్ళ బట్టలు కుట్టడానికి వచ్చాను. రాజోలు దగ్గర మా ఊళ్ళో జాకెట్లు కుట్టేదాన్ని. మా ఆయన పోయాక నా కూతురికి నర్సింగ్ చదువు చెప్పించాలని ఈ దారి పట్టాను. వచ్చిన ఏడాదికే ఆ షాపు మూసేశారు. రెండు షాపులకూ యజమాని ఒకరే. ఇక్కడ యజమానిని అర్బాబ్ అంటారు. మన వీసా ఆయన చేతిలో ఉంటుంది. నన్ను ఇంటికి పంపించేద్దామని ఆయన అనుకుంటుంటే మాస్టరు గారు అడ్డం పడ్డారు. ఈమె చెయ్యి మంచిది, సీట్ల పని నేర్పుకుంటాను, మూడు నెలలు చూడండి అన్నారు. మూడు నెలల్లో పని రాకపోయినా, ఏదైనా పాడుచేసినా టికెట్ కొట్టిస్తానని అర్బాబ్ నా మొహం మీదే చెప్పాడు.

మొదటి రోజు నేను మిషను ముందు కూర్చుని తడుముకుంటుంటే ఆయన కాసేపు చూసి దగ్గరికి వచ్చారు.

"ఏమ్మో సువార్తమ్మా, నీది పుర్రచెయ్యా?"

"ఆయ్, ఎడంచెయ్యేనండి. మా అమ్మ అట్లకాడ కాల్చి వాత పెట్టినా మారలేదండి."

"వాత పెట్టిందా? అట్లకాడకి వేరే పనే లేనట్టుంది మీ ఇంట్లో. మార్చుకోవద్దులేమ్మా. చెయ్యిని తిప్పేదానికంటే బల్లను తిప్పేది సులువు."

అని నిజంగానే బల్లను తిప్పేశారు. గోడవైపు ఉన్న బల్లను వెలుతురు నా ఎడమచేతి మీద పడేట్టు లాగి, కాళ్ళ కింద చెక్కముక్కలు పెట్టి సరిచేశారు. అప్పటికి నాకు నలభై ఏళ్ళు దాటాయి. అంతవరకూ నా చెయ్యి తప్పని అందరూ అన్నారు. బల్ల తప్పని అన్న మనిషి ఆయనొక్కడే.

సీట్ల పనిలో మిషను కుట్టు సగమే. తొడుగు అడుగున అంచు దగ్గర వంకర సూదితో చేత్తో బిగించి కుట్టాలి. ఒకరోజు నేను కుట్టిన అంచునూ తను కుట్టిన అంచునూ పక్కపక్కన పెట్టి చూపించారు. ఆయన కుట్లు కుడివైపు వాలి ఉన్నాయి. నావి ఎడమవైపు, గాలికి పడిపోయిన వరిచేనులాగా. "సూసినావా? ఇది నాది, అది నీది. రేపు పొద్దున యా సీటు ఎవురు కుట్టినారో అడగాల్సిన పనే లేదు. సంతకం రాదంటివి గదా, ఇంగ ఇదేమ్మా నీ సంతకం" అన్నారు. ఆ మాటకు ఆ రోజు ఎంత మురిసిపోయానో! రూమ్‌లో మలయాళీ పిల్లకి కూడా చెప్పుకున్నాను.

ఆయన పని పద్ధతి చూసి మొదట్లో నాకు నవ్వొచ్చేది. ఏ బండి వచ్చినా ముందు వెళ్ళి విప్పబోయే సీటులో కూర్చునేవారు. కళ్ళు మూసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, బస్సు కోసం ఎదురుచూస్తున్న మనిషిలాగా. "ఇప్పేముందు దాంట్లో కూచ్చోవాలమ్మా. యా పక్కకి ఒరిగినాడో, యా మోకాలు నొప్పో, సీటే చెప్తాది" అనేవారు. తర్వాత బండి యజమానిని అడిగేవారు, ఇందులో ఎవరు కూర్చునేవారని. పాత తొడుగు ముక్కల్ని పారెయ్యనిచ్చేవారు కాదు. వాటిని కొలతగా పెట్టుకుని కొత్తది కత్తిరించాలి; బండి గేటు దాటేదాకా పాతది మేకుకు వేలాడుతూనే ఉండాలి. ఇక సుద్దముక్క గుర్తులు. మిగతా షాపుల్లో అరబ్బీలోనో ఇంగ్లీషులోనో చీటీ రాసి అంటిస్తారు. నాకు అక్షరం రాదని నాకోసమని ఆయన గుర్తులు పెట్టారు. ఇంటూ గీస్తే విప్పాలి. సున్నా చుడితే ముట్టుకోకూడదు. అంతే. ఇంత తేలిక గుర్తులు నాకోసం కనిపెట్టిన మనిషికి నేనేం చేశానో వినండి.

నాకిచ్చిన మూడు నెలల్లో రెండు గడిచాక ఆ బండి వచ్చింది. అది నడిచి రాలేదు, లారీ మీద వచ్చింది. ఇంత పొడుగు కారు నేనెక్కడా చూడలేదు. పాతకాలపు అమెరికా స్టేషన్ వ్యాగన్. పక్కలకు చెక్కలాగా కనిపించే స్టిక్కరు, అక్కడక్కడా పెచ్చులు లేచిపోయింది. మధ్యలో ఒక సీటు, దాని వెనక సామాను చోటులో ఇంకో సీటు. ఆ చివరి సీటు వెనక్కి తిరిగి ఉంటుంది. అందులో కూర్చుంటే పోయే దారి కనబడదు, వచ్చిన దారి కనబడుతుంది. ఉమ్ సయీద్ భర్త ఒకప్పుడు ఎడారిలో నూనె బావుల క్యాంపులో డ్రైవరు. అక్కడి అమెరికా ఇంజినీరు దేశం వెళ్ళిపోతూ ఆయనకు ఇచ్చేసిన బండి అది. పిల్లలందరినీ ఎక్కించుకుని వానాకాలంలో సలాలా దాకా వెళ్ళొచ్చేవాళ్ళట. ఆయన పోయాక తాటాకుల్లాంటి ఖర్జూరపు మట్టల పందిరి కింద ఏళ్ళు పడి ఉంది. ఇప్పుడు ఆవిడ దాన్ని తన ఇష్టం వచ్చినట్టు చేయించుకుందామని తీసుకొచ్చింది.

ఆవిడ ఎప్పుడూ ఒళ్ళో కుమ్మా పెట్టుకుని కుడుతూ ఉండేది. కుమ్మా అంటే ఇక్కడి మగవాళ్ళు పెట్టుకునే కుట్టుపని టోపీ. నెలల తరబడి సన్నని రంధ్రాలు కుడతారు దానిమీద. లారీ మీదనుంచి బండి దింపుతుంటే కూడా ఆవిడ కుర్చీలో కూర్చుని కుమ్మా కుడుతూనే ఉంది. అరబ్బీ, హిందీ కలిపి మాట్లాడేది; నాకు ముక్కలు ముక్కలుగా అర్థమయ్యేది, మిగతాది మాస్టరు గారు చెప్పేవారు. వెంట ఆవిడ మనవడు నాసర్ వచ్చాడు. సూర్‌లో గ్యాసు కంపెనీలో డ్యూటీ చేసే పెళ్ళయిన మనిషి. అతను ఫోనులో ఫొటోలు చూపిస్తూ, ఇలాంటి బండికి పాత రంగు, పాత గుడ్డ, పాత చెక్క స్టిక్కరే వేస్తే విలువ అని మొదలుపెట్టాడు.

ఆవిడ ఫోను తీసుకుని దూరంగా పట్టుకుని చూసింది. "ఈ ఫొటోలో నిలబడ్డవాడెవడు?"

"అమెరికాలో ఇలాంటి బండి ఉన్న మనిషి, నానమ్మా."

"అయితే వాడి ఇష్టం వచ్చినట్టు వాణ్ణి చేయించుకోమను. ఇది నా బండి."

మాస్టరు గారు నవ్వు ఆపుకుంటూ సుద్దముక్క తీశారు. ఆవిడ కోరికలు చెబుతూ పోయింది. చెక్క స్టిక్కరు పీకేసి పక్కలకు పండబోయే ఖర్జూరం పసుపు రంగు వెయ్యాలి. సీట్లకు ఆకుపచ్చ గుడ్డ, అంచులకు ఇక్కడి ఆడవాళ్ళ దుస్తుల మీద ఉండేలాంటి ఎర్ర జరీ పట్టీ. కిటికీలకు ఊలు కుచ్చులు. మధ్యలో లుబాన్ వేసే మట్టి కుంపటి కదలకుండా కూర్చునే గూడు. కాఫీ ఫ్లాస్కుకు ఇంకో గూడు. వెనక్కి తిరిగిన సీటు రెండు వేళ్ళ ఎత్తు పెంచాలి, మోకాళ్ళ నొప్పి కదా. అందులో ఆవిడే కూర్చుంటుందట.

"మామా, ఒంటెకి అలంకారం చేసినట్టు చేయించుకుంటాండావే!" అన్నారు మాస్టరు గారు. ఇక్కడ పెద్దావిడల్ని మామా అని పిలుస్తారు, మనం అమ్మా అన్నట్టు.

"ఒంటె నయం. అది ఇంత తాగదు."

"ముందు సీటు పెట్టుకోని ఎనక ఎందుకు కూచ్చుంటావు?"

ఆవిడ సూది ఆపింది. "ముందు కూర్చుంటే పక్కకు తిరిగి చూస్తాను. చూస్తే ఆయన ఉండడు" అంది. తర్వాత లేచి వచ్చి డ్రైవరు సీటు మీద అరచెయ్యి వేసింది. ఆ సీటు ఎడమవైపు తలుపు పక్కకు బాగా కుంగిపోయి ఉంది. ముప్పై ఏళ్ళు ఒక మనిషి మోచెయ్యి కిటికీలో పెట్టుకుని ఒరిగి నడిపితే పడ్డ గుంట అది. తొడుగు రంగు వెలిసి, ఒకచోట చిల్లి పడి, లోపలి పీచు కనిపిస్తోంది. "దీన్ని దులపండి, అంతే. విప్పొద్దు. ఇందులో నాసర్ సరిపోతాడో లేదో చూడాలి నేను" అంది. మాస్టరు గారు ఆ సీటు వీపు మీద ఇంత పెద్ద సున్నా చుట్టారు. నా వైపు తిరిగి, "సూసినావు గదమ్మా?" అన్నారు. చూశానన్నాను.

ఆ మూడు వారాలూ నా జీవితంలో మంచి రోజులని ఇప్పటికీ అనిపిస్తుంది. అలా అనిపించినందుకే ఎక్కువ సిగ్గు. అంతవరకూ నేను కుట్టినవన్నీ ఇంకొకరి కొలతలు. ఈ బండిలో మాత్రం మాస్టరు గారు, "నువ్వయితే ఎట్ల పెడతావు?" అని అడిగేవారు. ఎర్ర పట్టీ సీటు మధ్యలో కాకుండా భుజం దగ్గర వెయ్యమన్నది నేనే. కుచ్చులు ఒకటి విడిచి ఒకటి పొట్టిగా కట్టమన్నదీ నేనే. ఉమ్ సయీద్ వచ్చి చూసి నా గడ్డం పట్టుకుని ఊపి, "జైన్, జైన్" అంది, బాగుంది బాగుంది అని. వెనక సీటూ మధ్య సీటూ పూర్తయ్యాయి, డ్రైవరు పక్క సీటు కూడా. ఆకుపచ్చగా, నిండుగా, కొత్త పెళ్ళికూతుళ్ళలాగా. వాటి మధ్య ఆ డ్రైవరు సీటు ఒక్కటి, చిల్లితో, ఒకపక్కకు ఒరిగిపోయి, తాగి పడుకున్న మనిషిలాగా కనిపించేది నాకు.

ఈ పోలిక ఊరికే రాలేదు. మా ఆయన ఇసుక లారీ డ్రైవరు. నెలలో ఇరవై రోజులు లారీలో, మిగతా పది రోజులు సారా దుకాణంలో. మా ఇంట్లో ఆయన కూర్చున్న చోట గుంట పడడం నేనెప్పుడూ చూడలేదు; పడేటంతసేపు కూర్చుంటే కదా. ఆయన పోయిన మూడోరోజే ఆయన పడుకునే బొంతను కాలవగట్టు మీద తగలబెట్టేశాను. కన్నీళ్ళు పెట్టుకోలేదు. అలాంటి దాన్ని నేను, ఒకావిడ మొగుడి సీటులోని గుంటను దేవుడి గూడులాగా కాపాడుకుంటుంటే చూసి ఏమనుకున్నాను? పాపం అనుకోలేదు. కడుపు మండింది. ఆ మాట గ్రేస్‌తో రెండుసార్లు చెప్పి రాయించాను, మొదటిసారి ఆ పిల్ల దాన్ని మెత్తగా రాసింది.

బండి ఇచ్చెయ్యడానికి నాలుగు రోజులుందనగా మాస్టరు గారు ఎవరిదో పడవ సీట్ల కొలతల కోసం రెండు రోజులు సూర్ వెళ్ళారు. నన్ను కుచ్చులు కట్టడం పూర్తి చెయ్యమన్నారు. అవి మొదటిరోజు పదింటికే అయిపోయాయి. ఇక ఆ సీటు ముందు నిలబడ్డాను. ఒక్క సీటు నా అంతట నేను మొదటినుంచి చివరిదాకా చేసి చూపిస్తే, అర్బాబ్ ఇక టికెట్ మాట ఎత్తడనుకున్నాను. ముసలావిడ కూడా కొత్త సీటు చూశాక పాతది మర్చిపోతుందనుకున్నాను. తడిగుడ్డ తీసుకుని సీటు వీపు తుడిచాను. దుమ్ము తుడుస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. నేను తుడిచింది సున్నాని.

విప్పాను. అందులో కూర్చోలేదు, కూర్చుంటే విప్పలేనని తెలుసు. కుంగిన స్ప్రింగుల్ని దారంతో బిగించి లేపాను, కొత్త గోనెగుడ్డ వేశాను, కొత్త స్పాంజి పేర్చాను. ఆకుపచ్చ తొడుగు తొడిగి అడుగు అంచు వంకర సూదితో చుట్టూ కుట్టాను. మర్నాడు మధ్యాహ్నానికి పూర్తయింది. మంచి పని. ఇప్పటికీ అంటాను, నేను చేసిన మంచి పనుల్లో అదొకటి. పాత తొడుగునూ పీచునూ మేకుకు వేలాడదియ్యాలి కదా. వేలాడదియ్యలేదు. మాస్టరు గారి కంట పడకుండా ఉండాలని మూటకట్టి రోడ్డు మీద మునిసిపాలిటీ చెత్తడబ్బాలో వేసి వచ్చాను. సాయంత్రానికి లారీ వచ్చి ఎత్తుకుపోయింది.

మాస్టరు గారు మర్నాడు తిరిగి రాగానే చేతిలో సంచీ కింద పెట్టకుండానే బండి దగ్గరికి వెళ్ళారు. తలుపు తీసి చూసి, సంచీ అక్కడే జారవిడిచి, ఆ సీటులో కూర్చున్నారు. కళ్ళు మూసుకోలేదు.

"సువార్తమ్మా. సున్నా కనపళ్ళేదా?"

"చెరిగిపోయిందండి. దులుపుతుంటే పోయినట్టుంది. నేను చూసుకోలేదండి."

"పాతదేదీ? మేకు మీద లేదే."

"చెత్తడబ్బాలో వేశానండి. లారీ పట్టుకుపోయింది."

ఆయన సీటు అడుగుకు చెయ్యి పోనిచ్చి అంచు కుట్టును వేలితో తడిమారు. తర్వాత, "కుట్టు బాగుందిమ్మా" అన్నారు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. ఆ సాయంత్రమంతా ఊరి బయట చెత్త పోగుచేసే చోటుకి వెళ్ళి వెతికి వచ్చారని తర్వాత పక్క టైర్ల షాపు బలూచీ అతను చెప్పాడు. చొక్కా మొత్తం మురికి పట్టి వచ్చారట.

ఉమ్ సయీద్ వచ్చిన రోజు వెంట అర్బాబ్ కూడా వచ్చాడు. ఆవిడ భర్తకు తమ్ముడి కొడుకు అతను. ఆవిడ పసుపు రంగు చూసి నవ్వింది, కుచ్చులు చేత్తో కదిలించి చూసింది. తర్వాత డ్రైవరు తలుపు తీసింది. అరచెయ్యి ఎప్పుడూ వేసే చోట వేసింది. బిగించిన స్ప్రింగు ఆ చేతిని పైకి నెట్టింది. మళ్ళీ వేసింది. మళ్ళీ నెట్టింది. ఆవిడ కేక పెట్టలేదు. గుమ్మంలో విడిచిన చెప్పులు కనబడక మనిషి కింద వెతుక్కుంటున్నట్టు ఆ చేతిని సీటంతా తిప్పింది. ఆ చెయ్యి తిరగడం నేను కళ్ళు మూసుకుంటే ఇప్పటికీ కనిపిస్తుంది.

"ఎవరు చేశారిది?" అని అరిచాడు అర్బాబ్.

నా నోటిదాకా వచ్చింది. పిల్ల చదువు గుర్తొచ్చింది, టికెట్ గుర్తొచ్చింది, నోరు మూసుకుంది. మాస్టరు గారు ముందుకు వచ్చి, "నేనే చేసినాను అర్బాబ్. వయసైపోయింది, సున్నా పెట్టింది నేనే, మర్చిపోయింది నేనే" అన్నారు హిందీలో. ఉమ్ సయీద్ వంగి సీటు అడుగు అంచు మీద వేలు పోనిచ్చి ఒకసారి చివరిదాకా లాగింది. తల ఎత్తి నన్ను చూసింది. తర్వాత ఆయనను చూసింది. చాలాసేపు కుర్చీలో కూర్చుంది, ఒళ్ళో కుమ్మా ఉంది గానీ కుట్టలేదు. ఇక వెళ్దామని అర్బాబ్ రెండుసార్లు పిలిచాక లేచింది.

ఇంటివాళ్ళ బండి, అందులోనూ పెదతల్లి బండి పాడుచేశాడని అర్బాబ్ ఆయనను ఉంచుకోలేదు. చేతికి మతిమరుపు వచ్చిన మాస్టరు తనకు అక్కర్లేదన్నాడు. నెల తిరక్కుండానే వీసా క్యాన్సిల్. వెళ్ళే ముందు ఆయన అర్బాబ్‌తో నా గురించి మాట్లాడి వెళ్ళారు, షాపు ఈమె చూసుకుంటుందని. రౌండబౌట్ దగ్గర మస్కట్ బస్సు ఎక్కించడానికి నేనే వెళ్ళాను. ఈ రోజైనా చెప్పెయ్యాలి, కాళ్ళు పట్టుకోవాలి అని దారంతా అనుకుంటూనే ఉన్నాను. బస్సు వచ్చాక, "అన్నం తిన్నారాండి?" అని అడిగాను. ఇరవై ఏళ్ళ బతుకు ఒక సంచీలో పెట్టుకుని పోతున్న మనిషిని నేనడిగిన మాట అదీ.

"తిన్యాలేమ్మా. మిషనుకి వారానికోతూరి నూనె పెట్టు" అన్నారు. జేబులోంచి సుద్దముక్కల డబ్బా తీసి నా చేతిలో పెట్టారు. మెట్టు మీద ఆగి, "ఆ సీటు గురించి కుమలొద్దు. ఎవురో ఒగరు కూచ్చుంటే మళ్ళీ గుంట పడతాది" అన్నారు. అడగలేదు. నువ్వే చెరిపినావా అని ఒక్కసారి కూడా అడగలేదు.

ఆ తర్వాత పండగలకు ఫోను చేసేదాన్ని. పని దొరికిందా అంటే, "యాడమ్మా, మా ఊరోళ్ళు సగం మంది ఆడనే ఉండారు గదా. ముసలోడికి చెయ్యి పోయింది, అరబ్బోళ్ళ బండి పాడుచేసి తరిమేస్తే వచ్చినాడని నాకంటే ముందే కబురు చేరింది. సైకిల్ సీటు గూడా ఇయ్యడం లేదు నాకు" అని నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. ఆ నవ్వు కూడా రాయించాను, అది కూడా నేను చేసిందే కాబట్టి. పోయినేడు ఆయన పోయారని ఆయన కూతురు ముంతాజ్ ఫోను చేసి చెప్పింది. ఆ పిల్ల కూడా మిషను కుడుతుంది. "చివరి దాకా ఆ బండి మాటే ఎత్తలేదక్కా నాయన. సిగ్గుపడినాడేమో" అంది. నేను ఫోను పట్టుకుని ఊ కొట్టాను.

ఈ ఉదయం బండి వచ్చింది పైకప్పు గుడ్డ జారిపోయిందని. నాసర్ నడుపుకుంటూ వచ్చాడు. ఉమ్ సయీద్ వెనక్కి తిరిగిన సీటులోనే కూర్చుని ఉంది. చూపు బాగా తగ్గింది, ఒళ్ళో కుమ్మా మాత్రం ఉంది, చేత్తో తడుముతూ కుడుతోంది. నాసర్ టీకి వెళ్ళాడు. నేను వెనక తలుపు దగ్గర నేలమీద కూర్చున్నాను. ఎనిమిదేళ్ళలో నేర్చుకున్న అరబ్బీలోనే చెప్పాను.

"మామా, ఆ డ్రైవరు సీటు ఖాదర్ చెయ్యలేదు. నేను చేశాను. సున్నా నేనే చెరిపాను."

ఆవిడ సూది ఆపలేదు. "తెలుసు."

"ఎప్పటినుంచి?"

"ఆ రోజే. యాభై ఏళ్ళుగా కుమ్మాలు కుడుతున్నాను. కుట్టు ఎటు వాలిందో నా వేలికి తెలియదా? ఇక్కడ ఎడమచేత్తో కుట్టే మనిషివి నువ్వొక్కదానివే. నీ నోటితో వస్తుందేమోనని కూర్చున్నాను. చెబుదామని నేనే నోరు తెరిస్తే ఖాదర్ నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు."

నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళంతా వేడెక్కి, ఎండలో పెట్టిన రెగ్జిన్ లాగా అయిపోయింది. ఎనిమిదేళ్ళు నేను దాచాననుకున్నది ఎవరి దగ్గర? ఆయనకు తెలుసు. ఆవిడకు తెలుసు. నా సంతకం పెట్టి మరీ వాళ్ళిద్దరి ముందూ అబద్ధం ఆడాను.

"నన్ను క్షమించు మామా" అన్నాను.

"నాకెందుకు చెబుతావు? గుంట నాది, దాని సంగతి నేను చూసుకున్నాను. పేరు పోయింది అతనిది. అతని వాళ్ళకు చెప్పు."

అందుకే ఈ మాటలు. ముంతాజ్, మీ ఊళ్ళో ఎవరు అడిగినా ఇది చదివి వినిపించు. మీ నాయన చెయ్యి పోలేదు. మీ నాయనకు మతిమరుపు లేదు. ఆ సీటు పాడుచేసింది నేను, ఆయన గీసిన సున్నా చెరిపి, ఆయన లేనప్పుడు. నమ్మకపోతే చూపించడానికి ఇందులో ఒక ముక్క పెట్టి పంపుతున్నాను. ఉమ్ సయీద్‌ను అడిగి ఆ సీటు అడుగునుంచి జానెడు అంచు కత్తిరించాను. "అడుగున కత్తిరించుకో. పైన ముట్టుకోకు, నాసర్ గుంట ఇప్పుడిప్పుడే పడుతోంది" అంది ఆవిడ. నిజమే, పడుతోంది. అతను కుడివైపుకు ఒరుగుతాడు. ఆ ముక్కను మీ నాయన కుట్టిన దిండు ఏదైనా ఇంట్లో ఉంటే దాని పక్కన పెట్టి చూడు. కుట్టేదానివి, నీకు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఏ బండి వచ్చినా విప్పేముందు అందులో కూర్చుంటాను. ఇందులో ఎవరు కూర్చునేవారని అడుగుతాను. అర్బాబ్ నవ్వుతాడు, ఖాదర్ పిచ్చి ఈమెకు పట్టిందని. ఆయన ఇచ్చిన డబ్బాలో సుద్ద అయిపోయి చాలాకాలమైంది, డబ్బా మాత్రం బల్ల మీదే ఉంటుంది, ఆయన తిప్పి పెట్టిన బల్ల మీద. ఈ మధ్యాహ్నం ఆ డ్రైవరు సీటు కింద నేలమీద వెల్లకిలా పడుకుని, కత్తిరించిన జానెడు చోటును మళ్ళీ కుట్టాను. కుట్లు ఎడమవైపే వాలాయి. లేచి, సీటు వీపు మీద కొత్త సుద్దతో ఇంత పెద్ద సున్నా చుట్టాను. బండి తీసుకెళ్ళడానికి వచ్చిన నాసర్ అదేమిటని అడిగాడు. చెప్పాను. మొదటినుంచి చెప్పాను.